స్టీరింగ్ వదిలేసే మాస్టారు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఆఫీసు కార్‌పూల్‌కి ఆయనే డ్రైవరు. ఒకప్పుడు గుంటూరులో లెక్చరర్‌గా చేశారు, అందుకే మాస్టారూ అనేవాణ్ణి. ఎలక్షన్ల ఊసెత్తితే చాలు, ఆయన చేతులు రెండూ స్టీరింగ్ వదిలేసేవి. "పేదవాడి గతేంటో మీ రిపబ్లికన్లని చెప్పమనవయ్యా!" అంటూ పూర్తిగా నావైపు తిరిగేవారు. "మాస్టారూ, రోడ్డు!" అని నేను కేక పెట్టేవాణ్ణి. ఆ వేడిలో ఫ్రీవే మీద నేను దిగాల్సిన ఎగ్జిట్ ఎన్నిసార్లు దాటిపోయామో!

1980లో ప్రెసిడెంట్ ఎలక్షన్ రోజు సాయంత్రం ఆఫీస్ నుంచి వస్తున్నాం. కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చిన ఆయనకి అదే మొదటి ఓటు. నాదింకా గ్రీన్‌కార్డే, నోరు తప్ప ఓటు లేదు. ఇంతలో రేడియో చెప్పేసింది: ఆయన పార్టీ అభ్యర్థి ఓటమి ఒప్పేసుకున్నాడట! తూర్పు రాష్ట్రాల కంటే మూడు గంటలు వెనకున్న మా కాలిఫోర్నియాలో పోలింగ్ ఇంకా నడుస్తూనే ఉంది.

నేను సీట్లోనే ఎగిరి గంతేశాను. ఆయన చేతులు మాత్రం రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. తిన్నగా వాళ్లింటి దగ్గరి ఎగ్జిట్ తీసుకుని, పోలింగ్ జరుగుతున్న స్కూలు ముందు ఆపారు.

"ఇంకెందుకు మాస్టారూ, అయిపోయిందిగా?"

"నాలుగేళ్లుగా నీతోనే గొంతు చించుకుంటున్నానయ్యా. ఒక్కసారి ఈ దేశంతో కూడా చెప్పి రానీ."

జనం లైన్లోంచి తప్పుకుని వెళ్లిపోతున్నారు. ఆయన టై సర్దుకుని లోపలికి నడిచారు.

తిరిగొచ్చి ఫ్రీవే ఎక్కారో లేదో, చేతులు రెండూ గాల్లోకి లేచాయి. "ఇప్పుడు చెప్పు, ఆ పన్నుల సంగతి!"

నా ఎగ్జిట్ దాటిపోవడం చూస్తూనే ఉన్నాను. చెప్పబుద్ధి కాలేదు.