ఈశాన్యంలో మీసాల పరిగెలు

ఆ రోజుల్లో హైటెక్ సిటీలో ఉద్యోగమని చెబితే పెళ్ళి భోజనాల్లో అడక్కుండానే రెండో లడ్డు వేసేవారు. (మా ఆఫీసు కిటికీలోంచి కనిపించేవి బండరాళ్ళూ, వాటిమీద మేకలూ మాత్రమేనని నేనెవరికీ చెప్పేదాన్ని కాదు.) గోదావరి జిల్లా నుంచి వచ్చి ప్రొబేషన్‌లో ఉన్న ట్రైనీని. పని అంతంతమాత్రంగా వచ్చినా నోరు మాత్రం బాగా వచ్చు. ఈ కథంతా ఆ నోటివల్లే.

మా బాసుకి మేం పెట్టుకున్న పేరు వాస్తు సారు. ఈశాన్యంలో నీళ్ళుంటే కంపెనీకి కలిసొస్తుందని రిసెప్షన్‌లో ఆ మూలన పెద్ద అక్వేరియం పెట్టించి, అందులో బంగారు చేపలు వేయించారు. ట్యాంకరు నీళ్ళు పడక అవి వారం తిరక్కుండానే వెల్లకిలా తేలాయి. ఇక సోమవారం విదేశం నుంచి క్లయింటు వస్తున్నాడు. "దుకాణం చేపలు ఇంతేనండి. చెరువు చేపలైతే గట్టివి, మా ఊళ్ళో చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను," అన్నాను, ఎవరూ అడక్కుండానే. సారు ముఖం వెలిగింది. "అయితే ఆ పనేదో నువ్వే చూడమ్మా. నీ కన్ఫర్మేషన్ సంగతి కూడా సోమవారమే చూద్దాం," అన్నారు.

ఆదివారం పొద్దున ఆఫీసు కారు నడిపే అన్నతో కలిసి ఖాజాగూడ చెరువుకి వెళ్ళాను. ఒడ్డున గడ్డి నీడలో, నీటి పైపొరలోనే తిరుగుతూ కనిపించాయి మీసాల పరిగెలు. వేలెడంత వెండి ఒళ్ళు, దానిమీద నల్లటి చార, మూతి దగ్గర మొదలై పొట్టదాకా వేలాడే మీసాలు. నీళ్ళలోని దోమ పురుగుల్ని తిని బతికేస్తాయి, మేత ఖర్చు లేదు. నా చున్నీ పరిచి పట్టాం. "ఏంది మేడం, గివి పులుసుకు గూడ సాలవు. గివాటిని జూసి ఆ దొర ఖుషీ అయితడా?" అన్నాడు అన్న. "మీసాలు చూడన్నా, ఎంత దర్జాగా ఉన్నాయో," అన్నాను.

నిజంగానే అక్వేరియంలో అవి మెరిసిపోయాయి. సారు కూడా మురిసిపోయి ఒక్క తప్పు మాత్రం పట్టారు. "ఈశాన్యం మూసి ఉండకూడదమ్మా," అంటూ మూత తీయించారు. క్లయింటు లోపలికి అడుగు పెడుతుండగా, శుభమని, బిందెడు కొత్త నీళ్ళు స్వయంగా అందులోకి ధారగా పోయడం మొదలుపెట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. తొలకరికి చెరువులోకి కొత్త నీరు దిగితే పరిగెలు ఆ ధారకు ఎదురెక్కుతాయి. గుడ్లు పెట్టడానికి గెంతుకుంటూ పైనున్న పొలాల్లోకి పోతాయి. మా ఊళ్ళో కాలవ గట్టున గిన్నె పట్టుకుని కూర్చుంటే వాటంతటవే వచ్చి పడేవి. ఇంత తెలిసినదాన్నే, కానీ అన్నిటికీ ముందుండే నా నోరు ఆ ఒక్కరోజే ఆలస్యం చేసింది. "సార్, వద్దు," అనేలోపే మొదటిది ఎగిరి క్లయింటు బూటు మీద పడింది. ఆ వెనక మిగతావన్నీ బయల్దేరాయి.

నా ఉద్యోగం నేలమీద గిలగిల్లాడుతోంది. ఏడుపొచ్చేసింది. క్లయింటు మాత్రం కోటు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, కాఫీ కప్పుతో వాటిని పట్టడం మొదలుపెట్టాడు. నేనూ కప్పు అందుకున్నాను. ఎందుకిలా గెంతుతున్నాయని అడిగాడు. వచ్చీరాని ఇంగ్లీషులో వానా, వాగూ, గుడ్లూ అన్నీ చెప్పాను. (తర్వాత మా ప్రెజెంటేషన్‌లో ఆయన అన్ని ప్రశ్నలు అడగలేదు.) ఇంతలో వెనక, బిందెతో అలాగే నిలబడిన మా సారుతో అన్న అనడం వినిపించింది. "సార్, జర కదలకుండ్రి. మీ జేబుల గూడ ఒకటున్నది."

ప్రాజెక్టు వచ్చింది. నా కాగితం మీద సంతకం చేస్తూ, అంతా ఈశాన్యం మహిమ అన్నారు సారు. నేను కాదనలేదు. ఆ సాయంత్రమే పరిగెల్ని ఖాజాగూడ చెరువులో వదిలేశాం. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు నాకో గది ఉంది, గదిలో అక్వేరియం ఉంది, దాని మూత ఎప్పుడూ బిగించే ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకి ఆచితూచి మాట్లాడమని చెప్పే మేడంని నేను. కానీ తొలకరి చినుకులు కిటికీ అద్దం మీద పడిన రోజున తలుపు వేసుకుని, ఆ మూత కాస్త పక్కకి జరిపి, మంచినీళ్ళ సీసాతో సన్నగా ధార పోస్తాను. దుకాణం చేపలు, పాపం, కదలవు. గెంతాలనిపించేది నాకే.