రాళ్లు కలిపిన బియ్యం

పొద్దున ఆరింటికి మా ఆయనకు టిఫిన్ డబ్బా కట్టేదాన్ని. ఆయన పోయి రెండేళ్లు. తర్వాత ఏడాది పాటు ఆ వేళకు శుభ్రమైన బియ్యంలో రాళ్లు కలిపేదాన్ని. క్యాంపస్ బాటలో ఏరుకొచ్చిన సన్నరాళ్లు.

మా అత్త లింగమ్మకు ఎనభై ఎనిమిదేళ్లు. యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో ముప్పయ్యేళ్లు బియ్యం చెరిగి, రాళ్లు ఏరిన మనిషి. ఇప్పుడు తార్నాకలో మా ఇల్లేదో ఆమెకు తెలియదు. కొడుకు నరహరి పోయిన సంగతీ మరిచిపోయింది.

మతిమరుపు ముసలివాళ్లకు కసరత్తు చేయించే నవత వారానికి రెండుసార్లు వచ్చేది. వట్టిగా చేతులెత్తమంటే అత్త తిట్టింది. అప్పుడు నవత చేట ఇప్పించి, చెరిగేటప్పుడు పాత సంగతులు అడగమంది. ఒళ్లు కదిలితే మాటలూ కదులుతాయట.

కదిలాయి. ముందు మెస్ పిల్లలు వచ్చారు. పంటికింద రాయి తగిలితే కంచం తన దిక్కు తోస్తుండిరని నవ్వింది. తర్వాత నరహరి వచ్చాడు. మెస్ వెనక కూర్చుని మాడిన అన్నం బెల్లంతో తినే పిల్లవాడు, నేను ఎరగని నా మొగుడు. ఇంకా వినాలని రోజూ ఒక గుప్పెడు రాళ్లు ఎక్కువ కలిపాను.

ఒక గురువారం నవత ఎదుటే అత్త చేతిలో చేట ఆగింది. అత్త నన్ను చూపించింది.

"గుండెల నొస్తున్నదన్నడు నా కొడుకు. దవాఖానకు కొంటవోదామన్న. గ్యాసే అత్తమ్మా అని సోడల నిమ్మకాయ పిండిచ్చింది గీమె. గీ మంచం మీదనే పోయిండు."

నిజమే. ఆ మధ్యాహ్నం ఇంట్లో మేం ముగ్గురమే. నిద్రలో పోయాడని అందరికీ చెప్పాను.

నవత తల ఎత్తకుండా రాసుకుంది. వెళ్తూ, "ఇంత పొడుగు మాట ఫస్ట్ టైమ్ ఆంటీ. మంచిగ పనిచేస్తున్నది, ఆపకండి," అంది. ఆ సాయంత్రమే ఆడబిడ్డ భాగ్య ఫోన్ చేసింది. నేను చెప్పిన అన్న ముచ్చట్లు అమ్మ నోటే వినడానికి వచ్చే నెల వస్తానంది.

అత్తకు చేతులు నొస్తున్నాయని నవతను మాన్పించాను. చేట అటకెక్కించాను. నాలుగు రోజులు అత్త గాలిలోనే చెరిగింది. చేట ఏదని అడిగితే మెస్ మూసేశారన్నాను.

"పిల్లలు తిన్నరా?"

తిన్నారన్నాను. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుంది.

భాగ్య వచ్చి, "అమ్మా, నరహరన్న యాదికున్నడా?" అని గడ్డం పట్టుకుని అడిగింది. ఎవరాయన అన్నట్టు అత్త నా వైపు చూసింది. నేను చాయ్ పెట్టడానికి లేచాను. గదిలోంచి భాగ్య ఏడుపు వినబడుతూనే ఉంది.

రాళ్ల డబ్బా పొయ్యి పక్కనే ఉంది. ఈ పొద్దున కూడా మూత తీయలేదు. బియ్యం అలాగే కడిగి ఎసట్లో పోశాను.