మా పెరట్లో దొరకని ఇసుక

మాది లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. మా దొరల గడి, కోటలాంటి ఆ పాత ఇల్లు, కూలిపోయినా, ఇంటిపేరు చెప్పేటప్పుడు నా వెన్ను వంగదు. తాత కాలంలో గోదావరి పొంగి గడి పెరట్లోని మా గాదెల్లో వడ్లన్నీ కొట్టుకుపోయాయని, అక్కడినుంచే మేం చితికిపోయామని వింటూ పెరిగాను.

నిరుడు పాత వరదల ఆనవాళ్లు వెతికే పరిశోధకులు మా ఊరికి వచ్చారు. వరద వచ్చిన చోట మట్టిలో ఇసుక పొర మిగులుతుందట. ఊరంతా చూస్తుండగా నేనే వాళ్లను గడి పెరట్లోకి పిలిచి, లోపలి మట్టి పైకి తీసే గొట్టం నేలలోకి దింపించాను. గొట్టం నిండా నల్లమట్టే వచ్చింది. అంటే అక్కడికి వరదే రాలేదు. పల్లంలో ఉన్న పోశవ్వ వాకిట్లో మాత్రం బెత్తెడు ఇసుక తేలింది.

పోశవ్వ వాళ్లది మా పొలాల్లో పనిచేసిన కుటుంబం. "నీళ్లు మా ఇండ్లనే ముంచినయి దొరా," అందామె. "మేం ఆకలికి ఏడుస్తుంటే మా అవ్వ గింజల కోసం గడికచ్చింది. వడ్లన్నీ కొట్టుకపోయినయని మీ తాత ఒట్టిచేతులతోని పంపిండు."

"గోదారికి గడి తొవ్వ దొరకనట్టుంది!" అని ఎవరో నవ్వారు. నా తల మొదటిసారి వంగిపోయింది.

"ఊకోండ్రి! గాయన అప్పటికి పుట్టనే లేడు," అని పోశవ్వ వాళ్లను గదమాయించి, నాకు తన అరుగు చూపించింది. "జర కూసో బిడ్డా, చాయ్ తాగు."

మా వంశంలో ఆ అరుగు మీద కూర్చుని చాయ్ తాగింది నేనే మొదటివాణ్ణి. ఇప్పుడు ఎవరైనా మా తాత కథ అడిగితే పోశవ్వ చెప్పినట్టే చెబుతున్నాను, వెన్ను వంచకుండానే.