అరంగుళం బిగుతు

చేతులక్క రోజూ పొద్దున మిషను ముందు కూర్చోగానే రెండు పనులు చేసేది. పక్కన గుండీలు కుట్టే ముసలమ్మకు చూపు ఆనదు గనుక, పది సూదులకు దారం ఎక్కించి పెట్టేది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, "దేవుడా, అందరినీ చల్లగా చూడు. ఆ ఒక్కణ్ణి మాత్రం నలుగురిలో నవ్వులపాలు చెయ్యి" అని దణ్ణం పెట్టుకునేది.

సినిమాలకు దుస్తులు కుట్టే ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా కోట్లకు చేతులు అతికించే పని ఆమెదే. ఆ పేరు అలా వచ్చింది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచిందీ, ఆ గదిలో పనికి పెట్టిందీ ఆమే. కొలతలివ్వడానికి వచ్చిన హీరో, టేపు పట్టుకున్న ఆ పిల్లను చూసి నవ్వాడు. నాలుగు నెలలు పెళ్ళి మాటలతో తిప్పాడు. ఒకరోజు అందరి ముందూ "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. ఆ పిల్ల ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. రెండేళ్ళు గడిచాయి. నవ్వన్నది మరిచిపోయింది.

ఇంతలో ఆ హీరోతోనే ఒక పాత సినిమా మళ్ళీ తీస్తున్నారన్నారు. ఆడవాళ్ళను మాటలతో కరిగించే రసికుడి కథ. దాని ప్రాణమంతా ఒక్కచోటే. మెట్ల మీద నిలబడి ఆ పాత హీరో రెండు చేతులూ బార్లా చాపి నవ్వితే, అప్పట్లో హాలంతా మురిసిపోయేది. ఆ సీను కోటు చేతులక్క మిషను మీదికే వచ్చింది.

చంక దగ్గర అరంగుళం బిగించింది. కుదురుగా నిలబడితే తెలియదు, చెయ్యెత్తితే పట్టేస్తుంది.

విడుదలైన రోజు చెల్లెల్ని బతిమాలి మ్యాట్నీకి తీసుకెళ్ళింది. మెట్ల సీను వచ్చింది. హీరో చేతులు నడుము దాకా లేచి ఆగిపోయాయి.

"బాబుకి చంకలో సెగ్గడ్డలు లేచినట్టున్నాయిరోయ్!" అన్నాడు వెనక వరసలో ఒకడు.

"ఆ పాతాయన చేతులు చాపితే ప్రాణం లేచొచ్చేది. వీడేంటమ్మా, చెమట ఆరబెట్టుకుంటున్నట్టు!" అంది ముందు కూర్చున్న పెద్దావిడ.

హాలంతా గొల్లుమంది. చేతులక్క చెల్లెలి చెవి దగ్గర చేరింది. "ఆ కోటు నేనే కుట్టానే. అరంగుళం బిగించా."

"నిజంగానా అక్కా? నా కోసమా?"

చెల్లెలు రుమాలు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ సాయంత్రం అడగకుండానే అన్నం పెట్టుకు తింది. "వచ్చే వారం నుంచి నేనూ పనికొస్తానక్కా" అంది.

వారం తిరక్కుండా సినిమా ఎత్తేశారు. "కోటు బిగుతు, నేనేం చెయ్యను?" అని హీరో చెప్పుకు తిరుగుతున్నాడని గదిలో పొక్కింది. ఆ నింద కటింగ్ మాస్టారి మెడకు చుట్టుకుంటుందని చేతులక్క భయపడింది. వానొస్తే తన గొడుగు ఆడవాళ్ళకిచ్చి తాను తడుస్తూ వెళ్ళే మనిషి ఆయన. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మాస్టారు కత్తెర పక్కన పెట్టారు. "తెలుసమ్మా. ఆ రోజే ఇస్త్రీ దగ్గర చూశా. కుట్టు విప్పి, వదులు చేసి పంపించా. నీ కడుపుమంట తెలిసినవాణ్ణి, ఇంకేం అంటాను?"

"మరి వాడి చేతులెందుకు లేవలేదు?"

"చేతులెత్తితే కాలరు పైకి జరిగి విగ్గు కదులుతుందట. డైరెక్టరు ఎంత మొత్తుకున్నా ఎత్తలేదని మేకప్ అతను చెప్పాడు."

చేతులక్కకు నవ్వు రాలేదు. చేతికందిన పగను ఎవరో లాగేసుకున్నట్టనిపించింది.

"మాస్టారూ, ఒక్క సాయం చెయ్యండి. మా చెల్లి రేపు పనిలోకొస్తుంది. వచ్చీ రాగానే మిమ్మల్ని ఆ కోటు సంగతే అడుగుతుంది. అది లేచి కూర్చుంది ఆ అరంగుళం మాటతోనే. మీరు అబద్ధమాడరని తెలుసు. అయినా, అవునమ్మా, వాణ్ణి పట్టేసింది మీ అక్క కుట్టేనని ఒక్కసారి అనరూ?"