సందు చుక్కల మామిడితోట

1974 జూన్‌లో నన్ను విజయవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వైపు వేశారు. అప్పటికి నేను హార్టికల్చర్ అసిస్టెంటుని. అంటే పైన ఆఫీసరు గారు సంతకం పెడతారు, కింద మేం ఎండలో తాడు లాగుతాం. కొత్త తోట వేసే రైతు పొలానికి వెళ్లి, గుంటలు ఎక్కడెక్కడ తవ్వాలో పుల్లలు పాతించి రావాలి. దాన్ని లేఅవుటు అనేవాళ్లం.

మొదటి లేఅవుటు సాంబయ్య గారిది. వరి తప్ప ఇంకో పంట ఎరగని మనిషి, కాలువ నీళ్లెక్కని మెరకలో మామిడి వేద్దామని దిగారు. నేను వెళ్లేసరికే గోరింట కంచె నాటేశారు. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కంచె మొక్కలు బారెడుకొకటి, మామిడి గుంటలకేమో రెండేసి బారలకే గుర్తులు! అదేంటండీ అంటే, “కంచె ఏమన్నా కాయలు కాస్తుందా అండీ, దానికంత ఒత్తెందుకు?” అన్నారు. ఆ సందుల్లోంచి మేకలు దర్జాగా వచ్చిపోతున్నాయి.

మేకల పుణ్యమా అని కంచె జానెడుకొకటి నాటడానికి ఒప్పుకున్నారు. పేచీ అంతా మామిడి దగ్గరే. అంటుమొక్కకీ మొక్కకీ ముప్ఫై అడుగులు ఉండాలన్నాను. అంత బీడు వదిలేస్తే ఊరు నవ్వదా అని ఆయన. నేను వినకుండా చదరపు పద్ధతిలో, అంటే నిలువుకీ అడ్డానికీ ఎదురెదురుగా, పుల్లలు పాతించాను. ఇంకో వరసకి సరిపడా అంట్లు మిగిలిపోయాయి. ఎవరికన్నా ఇచ్చేయండి అన్నాను.

ఆయన భార్య రత్తమ్మ గారు ఆ మాట విని ఇంటివైపు వెళ్లిపోయారు. అప్పుడు చెప్పారు సాంబయ్య గారు. నూజివీడు దగ్గర ఆవిడ నాన్నగారు కూతురి తోట కోసం తన చేత్తో కట్టిన అంట్లట అవి. నాటడం చూడకుండానే ఆయన వేసవిలో పోయారు. “ఒక్కటి బయటికి పోయినా మా ఆవిడ తట్టుకోలేదండీ. మధ్యలో ఇరికించేద్దాం” అన్నారు. ఇరికిస్తే కొన్నేళ్లకు కొమ్మలు కలిసిపోయి కాపు తగ్గుతుంది, అప్పుడు వాటినే నరికించాలి. అది చెప్పి వచ్చేశాను గానీ నాకూ ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి రత్తమ్మ గారు వాకిట్లో ముగ్గు పెడుతున్నారు. పలకరించడానికి మొహం చెల్లక చుక్కలకేసి చూస్తూ నిలబడ్డాను. ఒక వరసలో రెండు చుక్కల నడుమ, కింది వరస చుక్క పడుతోంది. ఇలా ఎందుకమ్మా అంటే, సందు చుక్కలండీ అన్నారు.

మేం సమబాహు త్రిభుజ పద్ధతి అని చదువుకున్నది అదే. చెట్టుకీ చెట్టుకీ అవే ముప్ఫై అడుగులుంటాయి, వరసకీ వరసకీ మధ్య దూరం మాత్రం ఇరవై ఆరు అడుగులకి తగ్గుతుంది. మా శాఖ దాన్ని రైతులకు చెప్పకపోవడానికి కారణం ఉంది. చదరంలో అరక నిలువుకీ అడ్డానికీ తిన్నగా పోతుంది. ఇందులో అడ్డం దున్నబోతే చెట్టు ఎదురొస్తుంది.

సాంబయ్య గారిని పిలిచి ఆ మాటే చెప్పి, ఇంకో వరస పడుతుంది గానీ జీవితాంతం దుక్కి అవస్థేనండీ అన్నాను. ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ ముగ్గు చిప్ప కింద పెట్టి దగ్గరికి వచ్చారు. “దున్నేది నేను కదండీ, నా తిప్పలు నేను పడతాను. మీరు పుల్లలు పీకించండి” అన్నారాయన.

రెండు పుల్లల నుంచి ముప్ఫై అడుగుల తాళ్లు రెండు లాగి, అవి కలిసిన చోట మూడో పుల్ల గుచ్చుతూ పోయాం. అంట్లన్నీ పట్టాయి, ఒక్కటి తప్ప. దాన్ని రత్తమ్మ గారు ఇంటి వెనక, గోడకి దూరంగా, నన్ను అడిగి మరీ నాటుకున్నారు.

చాలా ఏళ్లకు ఆ దారిన వెళ్తూ ఆగాను. కొమ్మలు ఒకదాన్నొకటి అందుకోవడానికి ఇంకా జాగా ఉంది. సాంబయ్య గారు చెట్టు చెట్టుకీ అరక మళ్లిస్తూ, నన్ను చూసి, “మీ ధర్మమా అని ఎద్దులకీ నాకూ కళ్లు తిరుగుతున్నాయండీ!” అని కేకేశారు. అంటూనే నవ్వుతున్నారు.

మొక్కకీ మొక్కకీ ఎంత దూరమో పుస్తకంలో ఉంటుంది. సాంబయ్య గారి తోట తరవాత మాత్రం, ఎక్కడికి వెళ్లినా తాడు విప్పే ముందు ఒక మాట అడిగేవాణ్ణి: ఈ మొక్కలు ఎవరిచ్చారండీ?