బొంతకు పనికొచ్చే బట్ట

పెద్దమ్మ పోయిందన్న మాట నాకు పెర్కిట్‌లో తెలిసింది. స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు తీసుకునే ఆమె ఇంటి ముందు కూర్చుని, బొంతలకు పనికొచ్చే చీరలు ఏరుతున్నాను. పెద్దమ్మ కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్తమ్మ పోయింది. చాయ్ తాగుతనన్నది. నేను తెచ్చేలోపల్నే పోయింది" అన్నది. చేతిలోని చీరను అక్కడే పెట్టి రావాలన్న ధ్యాస కూడా లేకుండా ఆటో ఎక్కాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఆర్మూర్‌లో మా గోడకు అవతలి ఇల్లు వాళ్లది. పసుపు కొమ్ములు ఏరే పనికి ఇద్దరం కలిసి పోయేవాళ్లం. ఆ దుమ్ముకు నాకు దగ్గు పట్టి పని మానేస్తే, "ఇంట్ల కూసోని ఏడుస్తె దగ్గు తగ్గుతదా? సూది పట్టు" అని బొంతలు కుట్టడం నేర్పింది. అప్పటినుంచి నా ఇల్లు గడిచేది ఆ సూదితోనే.

కుట్టడం నెల రోజుల్లో వచ్చింది. బట్టను తెలుసుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. మనం కొత్త బట్టకు పసుపు పెట్టి గానీ కట్టుకోం కదా. పెద్దమ్మ కొనకముందే పెట్టేది. కొంగు మూలకు చిటికెడు పసుపు ముడి వేసుకుని వచ్చేది. కట్‌పీసుల దుకాణంలో వేలు తడిపి, బట్ట అంచుకు చిన్న బొట్టు పెట్టి, వెనక్కి తిప్పి చూసేది. నూలుదైతే బొట్టు వెనక్కి దిగుతుంది. పాలిస్టర్‌దైతే పైనే నిలబడుతుంది. గంజి దట్టించిన బట్ట తడిని తొందరగా తాగదు. మొదటిసారి నాకు ఇవేవీ తెలియవు. ఆమె దేవుణ్ణి తలుచుకుంటున్నదనుకుని పక్కన నిలబడి నేనూ కళ్లు మూసుకుని దండం పెట్టాను.

దుకాణం సేటు అరిచాడు. "ఏందమ్మా, ఇద్దరు కలిసి ఈడనే పూజ వెట్టిండ్రు? పసుపంటినంక గా బట్ట ఎవలు కొంటరు?"

"మంచిదైతె నేనే కొంట. కాకుంటె పెండ్లిబట్టని చెప్పి అమ్ముకో సేటూ" అన్నది పెద్దమ్మ. సేటు నవ్వేశాడు. నన్ను చూసి ఆమె ఇల్లు చేరేదాకా నవ్వింది.

కొత్త బట్ట పైపొరకే. అదైనా చాలాసార్లు టైలర్ల దగ్గర మిగిలిన ముక్కలు అడిగి తెచ్చేవాళ్లం. లోపలి పొరలన్నీ పాత నూలు చీరలే. పెద్దమ్మ చీరను అడ్డంగా పట్టి మెల్లగా లాగేది. పర్రుమని చిరిగితే అది గిన్నెలు తుడిచే గుడ్డయ్యేది. తట్టుకుంటే మడిచి ఒళ్లో పెట్టుకునేది. "గీ చీర ఎన్నేండ్లు ఉతికితె గింత మెత్తగైంది! దుకాణపోడు ఇయ్యగలుగుతడా గీ మెత్తన?" అనేది.

తరువాత పెద్దమ్మకు షుగర్ ముదిరింది. చూపు తగ్గింది. వేళ్లకు తిమ్మిరి పట్టింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకసారి చిన్న పూల బట్టను పట్టుకుని, "మంచి నూలు, తీస్కో" అన్నది. బొట్టు పెట్టలేదు. పెట్టినా కనపడేది కాదేమో. నా చేతికి మాత్రం తెలిసింది, అది నూలు కాదని. అయినా నోరు మెదపలేదు. ఎదురు చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ రాదు. పెద్దవాళ్ల మాట కాదంటే పాపమనుకునేదాన్ని. ఆ బట్ట పైన వేసి వేల్పూర్‌లో ఒక పసిపాపకు బొంత కుట్టి ఇచ్చాను.

ఎండలు ముదురుతున్న రోజులు. వారం తిరక్కుండానే పాప తల్లి బొంత పట్టుకుని వచ్చింది. "నూలని చెప్పి ఇస్తిరి గదమ్మా. బిడ్డకు ఈపంత చెమటకాయలు లేసినయ్" అన్నది. గొడవ పెట్టలేదు. బొంతను గడపలో పెట్టి వెళ్లిపోయింది. గొడవ పెట్టినా బాగుండేది.

పెద్దమ్మ ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీయమన్నది. నూలుపోగు బూడిదవుతుంది. ఇది ముడుచుకుని గట్టి పూసయింది.

"నీకు ముందుగాల్నే తెల్సు" అన్నది.

"నువ్వు మంచిదంటివి గదా పెద్దమ్మా. నిన్నెట్ల కాదంట?"

"నా చేతి ఏళ్లు సచ్చినయే. నీ ఏళ్లున్నయని ధైర్నంతోని ఉన్న. నువ్వు నాకు మర్యాద జేసి, గా పసిదానికి చెమటకాయలు తెస్తివి."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తాను కట్టుకునే నూలు చీరలు రెండు తెచ్చి నా ముందు పరిచింది. వాటితో వేరే బొంత కుట్టి, ఇద్దరం వేల్పూర్ పోయి ఇచ్చి వచ్చాం. దారిలో, "ఇగ బట్ట నువ్వే సూడు. నేను తప్పు జెప్తె తప్పని అను" అన్నది.

ఆమె అంత చెప్పినా నేను మారలేదు. ఇది ఒప్పుకోవాలనే మీకు ఇదంతా రాస్తున్నాను. ఆమె బట్ట చేతికిచ్చి అడిగినప్పుడల్లా, "ఏమో పెద్దమ్మా, ఇంకో దుకాణం జూద్దమా" అని నసిగేదాన్ని. "కాదు అనరాదే, నోరేమన్న అరుగుతదా?" అని ఆమె విసుక్కునేది. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ ఒక్క మాట నేను తిన్నగా అనలేదు. దేవుడి దీపం ముందు కూర్చున్నప్పుడు ఇప్పుడు అదే గుర్తొస్తుంది.

పదకొండో దినం అయ్యాక కోడలు చీరలు తెచ్చి మంచం మీద పెట్టింది. ఆమెకు ఏడో నెల. "పోయినోళ్ల బట్టలు పసిపిల్లలకు వద్దంటున్నరు గని, నేను ఇనను. అత్తమ్మ చీరలతోనే బొంత కుట్టియ్యి అక్కా. గీ నీలిది మీదికి వెయ్యి. మా అమ్మోళ్లు పెట్టింది, ఆమెకు మస్తు ఇష్టం."

ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. నూలు చీరలన్నీ ఊళ్లోవాళ్ల పిల్లల బొంతల్లోకి ఎప్పుడో పోయాయి. మిగిలినవి పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో పెట్టినవి. జారిపోయే బట్ట. కోడలు నా ముఖంలోకే చూస్తున్నది. ఆ కళ్లు చూస్తూ అనడం నాకు చాలా కష్టమైంది.

"కాదు బిడ్డా. గిది పసిపిల్లలకు పనికిరాదు. గివేవీ పనికిరావు."

"గట్లయితె నా బిడ్డకు ఆమెది ఏం లేకుంటనే పోతదా అక్కా?" అంటూ ఏడ్చింది. నేను సర్ది చెప్పలేదు, మాట మార్చలేదు. ఇద్దరం ఇల్లంతా వెతికాం. చివరికి బియ్యం డబ్బా కింద పరిచిన చీర ఒకటి దొరికింది. ముతక నూలుది. కొంగు చిరిగింది, రంగు లేదు. అడ్డంగా లాగి చూశాను. తట్టుకుంది.

నల్లా దగ్గర ఉతికాం. నీళ్లు తాగి ఆ చీర మోయలేనంత బరువైంది. ఒక కొస ఆమె పట్టుకున్నది, ఒక కొస నేను. ఆమె అటు, నేను ఇటు మెలిపెట్టాం. నా మణికట్లు లాగుతున్నాయి. నీళ్లు తగ్గాయనుకుని వదలబోయాను.

"ఇంకొక్క మెలిక అక్కా" అన్నది కోడలు.

తిప్పాం. చీర నడుమ నుంచి బండ మీదికి మళ్లీ నీళ్లు కారాయి.