సారంగకు కుక్క లేదు

2022 నాటి మాట ఇది. కర్నూలు పాత బస్టాండుకు దగ్గర్లో, ఫ్లెక్సీలు కొట్టే షాపుల వరుసలో, మేడమీది రెండు గదుల్లో నా ప్రచురణ సంస్థ ఉండేది. సంస్థ అంటే పెద్ద మాటే. పేజీలు కట్టేది నేను, ప్రూఫులు దిద్దేది మా ఆవిడ. ఊళ్లోని కవుల సంపుటాలు, రిటైరైన ఉద్యోగుల ఆత్మకథలు వేస్తుండేవాళ్లం. ఆ మధ్య పాత పాకెట్ నవలలకు ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది. ఒకప్పుడు బస్టాండు బంకుల్లోనూ అద్దె లైబ్రరీల్లోనూ దొరికిన డిటెక్టివ్ పుస్తకాల కోసం నడివయసు వాళ్లు ఫోన్లలో గ్రూపులు కట్టి వెతుక్కుంటున్నారు. వాళ్లు ఎక్కువగా తలిచే పేరు వజ్రపాణి. ఆయన నవలల్లో నేరాలు పట్టే డిటెక్టివ్ పేరు సారంగ.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. కూర్చుని ఆయాసం తీర్చుకుని, చేతిసంచిలోంచి అంచులు చిరిగిన మూడు పాకెట్ నవలలు తీసి బల్లమీద పెట్టింది. మూడూ వజ్రపాణివే.

"ఇవి మళ్లా అచ్చేస్తే జనం కొంటారా అప్పా?"

"ఎగబడి కొంటారమ్మా. యాడ దొరికినాయి మీకు?"

"దొరకడమేంది? నేను రాసినేవే."

నేను నవ్వలేదు, కానీ నమ్మనూ లేదు. నా మొహం చూసి ఆవిడే చెప్పుకొచ్చింది. పేరు ఆదిలక్ష్మమ్మ. ఒకప్పుడు ఆదోనిలో వాళ్లది బట్టల అంగడి, ఇప్పుడు ఇక్కడే కల్లూరులో కొడుకు దగ్గర ఉంటోంది.

"మా మామ శానా కోపిష్టి. కోడలు ఖూనీల కథలు రాస్తాదంటే ఇంట్లో ఉండనిస్తాడా? మద్యాన్నం అందరూ పండుకున్నంక రాసేదాన్ని. మా ఆయన అంగడి పార్సిళ్లతో పాటు విజయవాడలో అచ్చేసేటాయనకు పంపిస్తాండె. ఆయనకు తప్ప ఇంకెవురికీ తెలీదు."

మా వ్యాపారంలో హౌస్ నేమ్ అని ఒకటుంది. పేరు ప్రచురణకర్త సొత్తు, రాసేది ఎవరైనా కావచ్చు. నెలకో నవల మార్కెట్లోకి రావాలి గనక ముగ్గురు నలుగురు రాసేవాళ్లు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. వజ్రపాణి కూడా అలాంటి పేరే కావచ్చునని అప్పుడు తట్టింది.

"ఇప్పుడెందుకమ్మా గుర్తొచ్చింది?" అని అడిగాను.

"మా ఆయన పోయి ఏడాదాయ. పోయే ముందర గూడా అదే అన్న్యాడు. నీ పేరుతో ఒక్క పుస్తకమన్నా రావల్ల, నేను చూడకపోయినా పర్లేదు అని."

విజయవాడ ప్రచురణకర్త ఎప్పుడో చనిపోయాడు. ఆయన కొడుకు నంబరు సంపాదించి ఫోను చేశాను. మంచిగానే మాట్లాడాడు.

"మా నాన్నకు ఎవరెవరు రాసిచ్చారో మాకు తెలియదండీ. ఆవిడ రాశానంటే రాసే ఉంటారు. వేసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కవర్ మీద మాత్రం వజ్రపాణి అనే ఉండాలి. అది మా నాన్న పుట్టించిన పేరు."

ఆవిడ పేరు ఇంప్రింట్ పేజీలో వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. పుస్తకం తెరవగానే ముద్రణ వివరాలు, హక్కుల వివరాలు చిన్న అక్షరాల్లో ఉండే పేజీ అది. ఎవరూ చదవరు. ఆ సంగతి దాచకుండా ఆదిలక్ష్మమ్మకు చెప్పాను.

"లోపలన్నా ఉంటాది గదా. సాల్లే అప్పా," అంది.

మూడు నవలలూ కలిపి ఒకే పుస్తకంగా వేశాం. ప్రూఫులు ఆవిడకు పంపిస్తానంటే వద్దంది. కంట్లో శుక్లాలు, ఆపరేషన్ అయ్యేదాకా చదవలేనని చెప్పింది. ఆవిష్కరణ ఒక ఆదివారం ఉదయం, ఊళ్లోనే ఒక మేడమీది చిన్న హాల్లో పెట్టుకున్నాం. నంద్యాల, ఎమ్మిగనూరు, కడప నుంచి కూడా గ్రూపులవాళ్లు వచ్చారు. కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆదిలక్ష్మమ్మ పట్టుచీర కట్టుకుని కల్లూరు నుంచి షేర్ ఆటోలో మనవరాలితో వచ్చింది. రెడీమేడ్ షాపు నడిపే కొడుకు రాలేదు. అమ్మ రాసిందన్న మాట అతనికి అప్పటికింకా వింతగానే ఉన్నట్టుంది.

సభలో మొదట నేను లేచి, ఈ మూడు నవలలు రాసింది ఈ అమ్మేనని చెప్పాను. చప్పట్లు కొట్టారు గానీ, జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత నేను బయట వరండాలో పుస్తకాలు అమ్మే బల్ల దగ్గరికి వెళ్లిపోయాను. లోపల జరిగింది ఆమె మనవరాలు చెప్పగా తెలిసింది.

ఒక్కొక్కరే లేచి వజ్రపాణి సార్ గురించి మాట్లాడారట. హాస్టల్లో దుప్పటి కింద చదివిన సంగతి ఒకరు, అద్దె పుస్తకం తిరిగివ్వలేక తన్నులు తిన్న సంగతి ఒకరు చెప్పారు. చివరికి నంద్యాల వైపు నుంచి వచ్చిన మద్దయ్య అనే టీచరు లేచాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. సారంగ పెంచుకునే కుక్క పేరేందో చెప్పండి సూద్దాం."

ఆదిలక్ష్మమ్మ తడబడింది.

"కుక్కేంది నాయనా? సారంగకు కుక్క లేదు."

హాలంతా ఒక్కసారి నవ్వింది. నాకు వరండాలో వినిపించిన నవ్వు అదే. ఏదో సరదా మాట అనుకున్నాను. సారంగ వెంట తిరిగే నల్లకుక్క ఆ పాఠకుల్లో తెలియనివాళ్లు లేరు. వెనక వరుసలో ఎవరో, "సార్ వాళ్ల ఇంటావిడేమోలే, పాపం," అన్నారట. నేను లోపలికి వచ్చేసరికి ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. సభ లేచిపోతోంది.

ఆ కుక్కను పెట్టింది వజ్రపాణి పేరుతో రాసిన ఇంకెవరో. ఆదిలక్ష్మమ్మ రాసిన మూడింట్లో కుక్క అన్న మాటే లేదు. ప్రూఫులు దిద్దిన మాకిద్దరికీ ఆ సంగతి తెలుసు. కొన్న పుస్తకం అందరి చేతుల్లోనూ ఉంది. ఒక్కరూ తెరిచి చూడలేదు. వెళ్లిపోతున్నవాళ్లను ఆపి ఇద్దరు ముగ్గురికి చెప్పబోయాను. "బాగుంది సార్ కార్యక్రమం," అంటూ మెట్లు దిగిపోయారు.

ఆటో ఎక్కించేటప్పుడు, "నేను చూసుకోవాల్సిందమ్మా," అన్నాను.

"నువ్వేం చేస్తావప్పా. వాళ్లకు తెల్సిన వజ్రపాణి వేరే. ఆయప్పను నేనూ సూడలేదు," అంది.

పుస్తకం నెల తిరక్కుండానే అయిపోయింది. రీప్రింట్ వేద్దామని ఫోను చేస్తే ఆవిడ ఒక్కటే కోరింది.

"లోపల నా పేరు తీసేయప్పా."

"ఎందుకమ్మా?"

"ఫోన్లో ఆ గ్రూపులోళ్లు రాసినేది మా మనవరాలు సదివి వినిపించింది. ముసల్ది ఎవురిదో పేరు మింద బతకాలని సూస్తాందంట. మా ఆయన ఉంటే నవ్వి ఊరుకునేటోడు. నాకు ఆ నవ్వు రాలేదప్పా."

చాలాసేపు వాదించాను. మా ఆవిడ చేత కూడా చెప్పించాను. ఆదిలక్ష్మమ్మ వినలేదు. పేరు ఆవిడది, వద్దనే హక్కూ ఆవిడదే. రీప్రింట్ ఆ పేరు లేకుండానే వచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మద్దయ్య సారు మా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో సభనాడు కొన్న ప్రతి. కూర్చోకుండానే అడిగాడు.

"ఇందులో కుక్క యాడుండాది సార్?"

"లేదు."

"రెండుసార్లు సదివినా. లేదు. ఆయమ్మ చెప్పింది నిజమే గదా." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంతమందిలో నవ్వులపాలు చేసినా సార్ ఆయమ్మను. ఇల్లు సూపిస్తారా?"

ఇద్దరం కల్లూరు వెళ్లాం. ఆవిడకు కంటి ఆపరేషన్ అయింది. కోడలు కాఫీ ఇచ్చింది. మద్దయ్య సారు చెప్పాలనుకున్నది ఒక్క ముక్కా సరిగా చెప్పలేకపోయాడు. ఇంప్రింట్ పేజీ తెరిచి, చిన్న అక్షరాల్లో ఉన్న ఆవిడ పేరు కింద వేలు పెట్టి, "ఈడ సంతకం పెట్టండమ్మా," అన్నాడు. ఆవిడ కలం తీసుకుని చాలా నెమ్మదిగా, పొల్లు పోకుండా పూర్తి పేరు రాసింది. రాసి, తడి ఆరేదాకా పుస్తకం మూయనివ్వలేదు.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి నాతో అంది: "మళ్లా అచ్చేసినప్పుడు పెట్టప్పా నా పేరు. ఈసారి తీసేయమనను."

సరేనన్నాను. ఆ అవసరం రాలేదు. గ్రూపులవాళ్ల మోజు పాత సినిమా పాటల పుస్తకాల మీదికి మళ్లింది. పేరు లేని రీప్రింట్ కట్టలు సగం ఇంకా నా గదిలోనే ఉన్నాయి. విజయవాడ ఆయన్ను కవర్ సంగతి మళ్లీ అడిగాను. ఆయన మాట మారలేదు. ఆదిలక్ష్మమ్మ కొత్తగా ఏమన్నా రాస్తుందేమోనని రెండుసార్లు వెళ్లి అడిగాను. "ఎవురికోసమప్పా?" అంది.

రాసినవాళ్ల పేరు కవర్ మీద వేయనివ్వని పుస్తకం ఇప్పుడు నేను ఒప్పుకోను. లోపల వేద్దాం, తర్వాత చూద్దాం అనే మాట ఎవరు అన్నా లేచి నిలబడతాను. ఈ పట్టుదల వల్ల మంచి పుస్తకాలు కొన్ని వేరేవాళ్లకు పోయాయి, ఇద్దరు ముగ్గురు రచయితలకు మాత్రం మేలు జరిగింది. ఈ పట్టుదల నాకు నేర్పిన ఆవిడకే ఆ మేలు జరగలేదు.